కొండ మీద లేని దారి

ముంగిసకి కొండలంటే అసహ్యం. కొండలెక్కేవాళ్లంటే ఇంకా అసహ్యం. పనీపాటా లేక కొండలెక్కి, ఎక్కిన దారిని ఇంటికొచ్చి కంప్యూటర్లో గీసి, లోకమంతటికీ ఊరికే పంచిపెట్టేవాళ్లు కూడా ఉంటారని సోమవారం ఉదయం పది గంటల వరకూ అతనికి తెలియదు. తెలిసి చచ్చేంత నవ్వొచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది చీఫ్ కాబట్టి మింగేశాడు.

ముంగిస అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. పదిహేనేళ్ల కిందట ఒక విదేశీ గూఢచారిని రైలు పెట్టెలోంచి మెడ పట్టుకుని ఈడ్చుకొచ్చాడని పెట్టారు. ఆ తర్వాత అతను పట్టుకున్నది జలుబు తప్ప ఏమీ లేదు. అయినా పేరు నిలిచిపోయింది.

చీఫ్ గది నాలుగో అంతస్తులో ఉంటుంది. తలుపు మీద బోర్డు 'పాత ఫైళ్ల గది' అంటుంది. లోపల నిజంగానే పాత ఫైళ్లుంటాయి, వాటి మధ్య చీఫ్ కూడా ఉంటాడు. ఆయన టేబుల్ మీద ఒక పేపరు తోశాడు.

"గ్రే డెస్క్ పంపిన మెసేజ్. నిన్న మధ్యలో పట్టుకున్నాం. చదువు."

గ్రే డెస్క్ అంటే సరిహద్దు అవతలి ముఠా. మనుషుల్ని ఎత్తుకుపోవడం వాళ్ల స్పెషాలిటీ. ముంగిస చదివాడు. 'శనివారం దారి గీస్తాం. ఆదివారం పిట్ట తనంతట తనే నడిచి వస్తుంది.'

"ఈ కోడ్ మొదటి సగం విప్పింది మీ అక్క," అన్నాడు చీఫ్. "రెండో సగం ఆవిడకి ఇవ్వలేదు."

"ఎందుకు సర్?"

"పిట్ట ఆవిడే."

ముంగిస మెసేజ్ మళ్లీ మొదటి నుంచి చదివాడు.

అక్క లెక్కల మనిషి. దేశం కొత్తగా వాడబోతున్న సైఫర్, అంటే రహస్య లిపి, మొత్తం ఆవిడ బుర్రలో ఉంది, ఇంకెక్కడా లేదు. కాయితం మీద పెట్టమంటే 'కాయితాలు మీవాళ్లు పోగొడతారు' అని మొహం మీదే చెప్పింది. బాడీగార్డుల్ని ఇస్తే వీధి మలుపులోంచి వెనక్కి పంపేసింది. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క సరదా ఆదివారం పొద్దున్నే ఒంటరిగా కొండ మీద నడవడం. ఆ సరదాలో కూడా లెక్కే. ఊళ్లో వాలంటీర్లు నడిపే ఉచిత మ్యాప్ ఒకటుంది. శనివారం సాయంత్రం దాన్ని ఫోన్లోకి దించుకుంటుంది. ఆ వారం కొత్తగా చేరిన దారి ఏదుంటే ఆదివారం ఆ దారే నడుస్తుంది. ఎనిమిదేళ్లుగా ఒక్క వారం తప్పలేదు. గ్రే డెస్క్‌కి కావలసింది సరిగ్గా అదే. ఒక గీత గీస్తే చాలు, పిట్ట దాని మీద నడిచి వచ్చేస్తుంది.

అక్కకి ఒక్క మాట చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నాడు ముంగిస. సరిపోదన్నాడు చీఫ్. ఆవిడ ఇంట్లో కూర్చుంటే ముఠా బయటికి రాదు, ముఠా బయటికి రాకపోతే వచ్చే నెల బడ్జెట్ మీటింగులో ఆయన చూపించడానికేమీ ఉండదు. మాట అంత విడమర్చి చెప్పలేదుగానీ అర్థం అదే. అంటే అక్క ఎర. ఆ సంగతి అక్కకి తెలియకూడదు.

మరో తమ్ముడైతే టేబుల్ తిరగేసేవాడు. ముంగిస 'ఎస్ సర్' అన్నాడు. మూడు రోజుల్లో ముఠాని తనే పట్టేస్తాడు కాబట్టి అక్క దాకా రాదని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. మనసు కూడా అతనిదే కాబట్టి తొందరగానే ఒప్పుకుంది.

"వాలంటీరుగా చేరు," అన్నాడు చీఫ్. "మన డబుల్ ఏజెంట్ ఒకావిడ ఇప్పటికే అక్కడుంది. గ్రే డెస్క్ తన మనిషే అనుకుంటోంది. కోడ్‌వర్డ్ రాసుకో."

కింద స్టోర్స్‌లో అతనికి మూడు సామాన్లిచ్చారు. మత్తు సూది పేల్చే చేతికర్ర, రేడియో ఉన్న చేతిగడియారం, గొడుగు సంచిలో పట్టే చిన్న డ్రోన్. మూడింటికీ సంతకం పెట్టించుకుని, డ్రోన్ రెక్క విరిగితే జీతంలో కోస్తామని స్టోర్స్ గుమాస్తా గట్టిగా చెప్పాడు. ప్రాణం పోతే ఏం కోస్తారో చెప్పలేదు.

వాలంటీర్ల ఆఫీసు సైకిల్ రిపేర్ షాపు మీది గది. మెట్లెక్కుతుంటే గ్రీజు వాసన, లోపలికి వెళ్తే తడి సాక్సుల వాసన. గోడ నిండా కొండ మ్యాపు, దాని మీద రంగు పెన్సిల్ గీతలు. బేకరీ నడిపే ఒకాయన, ఆస్పత్రి నర్సు ఒకావిడ బల్ల దగ్గర వాదించుకుంటున్నారు. చెరువు పక్కనున్నది కాలిదారా, బండిదారా అన్నది తగువు. అది మొదలై మూడు వారాలైందిట. ముంగిస ఒక మూల కూర్చుని వాళ్లని చూశాడు. దేశం ఇలాంటివాళ్ల కోసమా తను కాపాడుతున్నది అనిపించి ఒళ్లు మండింది.

వీళ్లందరికీ పెద్ద డ్రాయింగ్ మాస్టారు. స్కూల్లో ముప్పై ఏళ్లు పిల్లల చేత కుండలూ కుర్చీలూ గీయించి రిటైరై, ఇప్పుడు కొండ గీస్తున్నాడు. డెబ్బై దాటాయి. బక్కపలచటి మనిషి, మోకాళ్లు మాత్రం పాతికేళ్ల కుర్రాడివి. కొత్త మనిషికి ఆయన రెండే రూల్స్ చెప్పాడు.

"నడవనిది గీయకూడదు. నీ గీత ఇంకొకరు చూసి టిక్ పెట్టందే మ్యాపులోకి వెళ్లకూడదు. అర్థమైందా బాబూ?"

అర్థమైందన్నాడు ముంగిస. ఎందుకింత పట్టింపని అడిగాడు. ఒకప్పుడు ఎవడో బద్ధకస్తుడు ఇంట్లో కూర్చుని గీసిన దారి నమ్మి ఆయన పాత విద్యార్థి ఒకడు వానలో కొండ మీద చిక్కుకుపోయాడని, రెండు రోజుల తర్వాత దొరికాడని, కాలు మాత్రం దక్కలేదని మాస్టారు చెప్పాడు. ముంగిస 'అయ్యో' అంటూ ఆవలింత ఆపుకున్నాడు.

ఊళ్లో పళ్ల క్లినిక్ నడిపే డెంటిస్టు ఒకావిడ అప్పుడొచ్చింది. ఎర్ర టోపీ, మెడలో సిల్కు స్కార్ఫు, కాళ్లకి కొత్త బూట్లు. బేకరీ ఆయన వాదన మధ్యలో మర్చిపోయాడు. ఆవిడ నేరుగా వచ్చి ముంగిస పక్కన కూర్చుని, అతని బూట్ల వంక చూసింది.

"మీ బూట్లు ఎన్ని మైళ్లు నడిచాయి?"

"అవి నాకు చెప్పలేదు," అన్నాడు ముంగిస. కోడ్‌వర్డ్ కలిసింది.

ఆ తర్వాత పావుగంట ఆవిడ అతని సర్వీసు గురించి, ఆ రైలు పెట్టె కేసు గురించి గొంతు తగ్గించి పొగిడింది. గ్రే డెస్క్‌లో కూడా అతని పేరు చెబితే జంకుతారంది. పదిహేనేళ్లుగా ఆ కథ ఎవరూ అడగలేదు. ముంగిస ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆవిడ బూట్లకి కొండ మట్టి ఒక్క చుక్క అంటలేదన్న సంగతి అతని కళ్లబడింది. బుర్రకి మాత్రం ఎక్కలేదు.

మాస్టారు అతనికి ఒక పని అప్పగించాడు. కొండ అవతలి పక్క మూతపడ్డ రాళ్ల క్వారీ ఉంది. అక్కడినుంచి వెనకవైపు రోడ్డుకి ఏమైనా దారి ఉందేమో నడిచి చూడమన్నాడు. అరచేతిలో పట్టే జీపీఎస్ పెట్టె ఒకటిచ్చాడు. జేబులో వేసుకుని నడిస్తే చాలు, అడుగడుగూ అదే గుర్తు పెట్టుకుంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం ముంగిస కారులో క్వారీకి వెళ్లాడు. దారిలో అటవీశాఖ చెక్‌పోస్ట్ ఒకటుంది. లోపలికి వెళ్లే బండిని అక్కడెవరూ పట్టించుకోరు, బయటికొచ్చే ప్రతి బండి డిక్కీ తెరిపించి చూస్తారు. కలప దొంగల కోసం పెట్టిన కాపలా అది.

క్వారీలో ఎండ పేలిపోతోంది. వెనకవైపు ఒక పాత బండి బాట మూడొందల మీటర్ల దూరం కనిపించి, పొదల్లోకి పోయింది. పొదల నిండా ముళ్లు. ముంగిస ముళ్లని చూశాడు, తన ప్యాంటుని చూశాడు. దేశభక్తికి కూడా ఒక హద్దుంటుంది కదా.

అప్పుడతనికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. జీపీఎస్ పెట్టెని డ్రోన్‌కి రెండు రబ్బరు బ్యాండ్లతో కట్టాడు. కారు ఏసీలో కూర్చుని, కిటికీలోంచి రిమోట్ బయటికి పెట్టి, డ్రోన్‌ని పొదల మీదుగా పంపాడు. పొదల అవతల నలభై మీటర్ల లోతు లోయ ఉంది. డ్రోన్‌కి లోయ ఒక లెక్కా. అవతలి రోడ్డు దాకా ఎగిరి తిరిగొచ్చింది. మొత్తం పనికి పట్టింది పావుగంట. తర్వాత గంటసేపు సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు, నడిచినట్టు టైము కనబడాలి కాబట్టి.

శనివారం సాయంత్రం సైకిల్ షాపు మీది గదిలో అతను తన గీత అప్‌లోడ్ చేశాడు. కంప్యూటర్ వివరాలు అడిగింది. ఖాళీగా వదిలితే మాస్టారు సతాయిస్తాడని చేతికొచ్చింది నింపాడు. వెడల్పు రెండున్నర మీటర్లు. నేల గట్టిది. జీపు వెళ్తుంది.

టిక్ పెట్టడానికి డెంటిస్టు పక్కన కూర్చుంది. తెర మీది గీతని చూసి ఒక్క క్షణం ఆగింది.

"ఇక్కడినుంచి రోడ్డుకి జీపు వెళ్తుందా?"

"ఏడు నిమిషాలు," అన్నాడు ముంగిస ఠీవిగా. డ్రోన్‌కి అంతే పట్టింది.

"ఇది మామూలు జనానికి తెలిసిన దారి కాదనుకుంటాను," అందావిడ మెల్లగా. "మీ డిపార్ట్‌మెంట్‌కే తెలిసినదా?"

ముంగిస చిన్నగా నవ్వాడు. రహస్యాలు తెలిసినవాళ్లు అలాగే నవ్వుతారని అతని నమ్మకం. ఆవిడ టిక్ పెట్టేసింది.

ఇప్పుడు ఆవిడ గీత అతను చూడాలి. ఊరి చివరి నీళ్ల ట్యాంకు దగ్గర మొదలై క్వారీలో ఆగే కొత్త కాలిదారి. ఆవిడ అతని చెవి దగ్గరికి వంగి సంగతి చెప్పింది. గ్రే డెస్క్ గీయమన్న దారి ఇదే. చీఫ్‌కి అంతా తెలుసు. రేపు క్వారీలో మన టీమ్ పదిమంది పొంచి ఉంటారు. వాళ్లు ఇలా రాగానే అలా పట్టేస్తారు, మీ అక్కగారి మీద ఈగ కూడా వాలదు. మీరు టిక్ పెట్టేసి హాయిగా నిద్రపొండి అంది.

ముంగిస మౌసు నొక్కాడు. అక్క రేపు నడవబోయే దారికి తమ్ముడు తన చేత్తో టిక్ పెట్టాడు. నడిచిందా లేదా అని ఆమెని ఇతను అడగలేదు, ఇతన్ని ఆమె అడగలేదు. ఇద్దరిదీ ఒకే జాతి.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాడు. అక్క ఫోన్లో మ్యాప్ దించుకుంటూ ఈ వారం ఒకటి కాదు, రెండు కొత్త దారులొచ్చాయని, రెండూ క్వారీ దగ్గరే కలుస్తున్నాయని చెప్పి సంబరపడింది. మొదటి దారిలో వెళ్లి రెండో దారిలో దిగుతానంది. ముంగిసకి చెప్పేద్దామా అని నోటి దాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి నీళ్లు నమిలాడు. రెండో దారిలో నడవొద్దని మాత్రం అన్నాడు. ఎందుకంటే, ముళ్లుంటాయేమో అన్నాడు.

"ముళ్లకి భయపడేది నువ్వు," అంది అక్క, గిన్నె కడుగుతూ. "బడికి వెళ్లే దారిలో ముళ్లున్నాయని ఐదో క్లాసు దాకా నా వీపెక్కే వెళ్లావు."

ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటలకి జీపీఎస్ పెట్టె తిరిగిచ్చేద్దామని ముంగిస గదికి వెళ్లాడు. మాస్టారు ఒక్కడే ఉన్నాడు. ముందురోజు చేరిన గీతలన్నీ ఆదివారం పొద్దున్న ప్రింటు తీసి భూతద్దంతో చూడటం ఆయన అలవాటు. రెండు కాయితాలు పక్కన పెట్టి ఉన్నాయి. ఆయన మొహం మాడిపోయి ఉంది.

"మూడొందల మీటర్ల దాకా నీ గీత బానే ఉంది," అన్నాడు మాస్టారు. "తర్వాత కొండ నలభై మీటర్లు దిగుతుంది, నువ్వు దిగలేదు. అంగుళం కూడా. గాల్లో నడిచావా బాబూ?"

ముంగిస గొంతు సవరించుకున్నాడు. మిషన్లో ఏదో లోపం ఉందేమో అన్నాడు.

"మిషన్ అబద్ధం చెప్పదు, దానికి బద్ధకం లేదు. ఆ పళ్ల డాక్టరమ్మ కూడా అంతే. నడిచినవాడు చెట్టు నీడన ఆగుతాడు, రాయి తగిలితే పక్కకి జరుగుతాడు. ఇది చూడు, ఎంత నున్నగా ఉందో. కుర్చీలో కూర్చుని గీసింది. రెండూ తుడిచేస్తున్నాను."

ముంగిసకి తలకొట్టేసినట్టయింది. ఈ ముసలాడి దగ్గర మాట పడటమేమిటని, చీఫ్‌కి ఫోన్ చేశాడు. క్వారీలో టీమ్ సిద్ధంగా ఉందా సర్ అని మాస్టారికి వినబడేలా దర్జాగా అడిగాడు.

"ఏ టీమ్?" అన్నాడు చీఫ్. జలుబు గొంతు. "వాళ్లు ప్లాన్ వచ్చేవారానికి వాయిదా వేశారని మన డెంటిస్టు నిన్ననే చెప్పింది. ఆదివారం కూడా పడుకోనివ్వరా?"

ముంగిస చేతిలోంచి ఫోన్ జారింది. గడియారం వంక చూశాడు. అక్క ఏడింటికి బయల్దేరుతుంది. నీళ్ల ట్యాంకు నుంచి క్వారీకి గంటన్నర నడక. కారులో చుట్టూ తిరిగి వెళ్తే గంట. చీఫ్ బలగాన్ని లేపి, సంతకాలు పెట్టించి, బండెక్కించేసరికి మధ్యాహ్నం అవుతుంది.

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. ఉద్యోగం, ముఠా, అక్క, ఎర, డ్రోన్, అన్నీ మాస్టారి ముందు గుక్క తిప్పుకోకుండా కక్కేశాడు. మాస్టారు విని, అతని వంక చూసిన చూపు రైలు పెట్టెలో పట్టుబడ్డ గూఢచారి కూడా చూడలేదు. తర్వాత బూట్లు తొడుక్కున్నాడు.

"ముప్పై నిమిషాల దారి ఒకటుంది. రా."

"మ్యాపులో లేదే."

"ఉండదు. అక్కడ గద్దలు గూళ్లు పెట్టుకున్నాయి. జనం రాకూడదని గీయలేదు. పిల్లల్ని ఎరగా పెట్టే అలవాటు గద్దలకి లేదు."

ఆ ముప్పై నిమిషాల గురించి ముంగిస తన రిపోర్టులో ఒక్క వాక్యం రాశాడు. నిజానికి అతను నాలుగుసార్లు పడ్డాడు, ఒకసారి ఏడ్చాడు. ముళ్లు ప్యాంటుని చీల్చాయి, చర్మాన్ని కూడా చీల్చాయి. చేతిగడియారం రేడియోలో గరగర తప్ప ఏమీ రాలేదు. డెబ్బై ఏళ్ల మాస్టారు ముందు నడుస్తూ ప్రతి మలుపులో ఆగి, వెనక్కి చూసి, విసుగ్గా నాలుక చప్పరించేవాడు. ముంగిస కళ్లముందు మాత్రం అక్క వీపే ఉంది. ఐదో క్లాసు దాకా మోసిన వీపు. తనని మోసినందుకు ఆమెకి తను ఇచ్చింది ఒక టిక్ మార్కు.

క్వారీ అంచుకి చేరి కిందికి చూసేసరికి జీపు నిలబడి ఉంది. చేతులు ముందుకి కట్టేసిన అక్కని ఇద్దరు మనుషులు ముందుసీట్లోకి ఎక్కిస్తున్నారు. అక్క కళ్లజోడు పగిలింది. ఎర్ర టోపీ డెంటిస్టు చేతిలో పిస్తోలు ఉంది.

ముంగిస దారంతా ఊతంగా తెచ్చుకున్న చేతికర్ర ఎత్తి గురి చూసి మీట నొక్కాడు. మత్తు సూది జుయ్యిమని వెళ్లి జీపు స్టెప్నీ టైరులో దిగింది. టైరుకి మత్తెక్కిందేమో తెలియదు. డెంటిస్టు తలెత్తి చూసింది.

"మీరా," అంది, ఏమాత్రం తొణక్కుండా. "ఆలస్యమయ్యారు. చెక్‌పోస్ట్ దగ్గర పట్టేద్దామనుకుంటున్నారేమో, మేం అటు వెళ్లడం లేదు. మీ దారి మీరే చూపించారుగా. మీ అక్కగారిని ఎక్కించుకుపోవడానికి అవతలి రోడ్డు మీద అంబులెన్స్ కూడా రెడీగా ఉంది."

ముంగిస అంచు మీంచి ఇంకా ముందుకి వంగాడు. జీపు మూతి ఎటు తిరిగి ఉందో అప్పుడు చూశాడు. పాత బండి బాట వైపు. పొదల వైపు. తన గీత వైపు.

పదిహేనేళ్ల పేరు, పింఛను, పరువు అన్నీ ఒక్క గుక్కలో పోగొట్టుకోవలసి వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి అరిచాడు.

"అటు దారి లేదు. లోయ ఉంది. నేను నడవలేదు, కార్లో కూర్చుని డ్రోన్‌తో గీశాను. జీపు వెళ్తుందని ఊరికే రాశాను. అక్కా, నిజంగా చెప్తున్నా, అటు దారి లేదు."

డెంటిస్టు నవ్వింది. ఆవిడ పళ్లు మాత్రం అద్భుతంగా ఉన్నాయి.

"రైలు పెట్టె కేసు చేసిన మనిషి ఆ కాస్త నడకకి బద్ధకించాడంటే నమ్మమంటారా? ఇంతకన్నా మంచి అబద్ధం దొరకలేదా?"

"అమ్మా, అతను చెప్పేది నిజమే," అన్నాడు మాస్టారు. శత్రువైనా సరే, లేని దారిలో వెళ్తుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు ఆయన. "అతను నిజంగానే అంత పనికిమాలినవాడు. నేను పూచీ."

ఆవిడ వినలేదు. ప్రపంచం మొత్తమ్మీద ముంగిసని సమర్థుడని మనస్ఫూర్తిగా నమ్మింది ఈవిడ ఒక్కతే, ఆ నమ్మకం వదులుకోవడానికి ఆవిడ సిద్ధంగా లేదు. వెనకసీట్లోకి ఎక్కి డ్రైవర్ భుజం తట్టింది. జీపు కదిలింది.

ముంగిస క్వారీ గోడ మీంచి జారి, దొర్లి, లేచి జీపు వెనక పరుగెత్తాడు. బండి బాట గతుకులమయం, జీపు మెల్లగానే వెళ్తోంది. అయినా అందలేదు. మూడొందల మీటర్లు. రెండొందలు. ముందున్న పొదలు పచ్చగా, దట్టంగా, వాటి వెనక నేల ఉన్నట్టే ఉన్నాయి. డ్రైవర్ డాష్‌బోర్డు మీది ఫోన్లో నిన్న దించుకున్న మ్యాప్ చూసుకుంటూ నడుపుతున్నాడు. అందులో ముంగిస గీసిన దారి తిన్నగా, లావుగా, నీలంగా ఉంది. ముంగిస దేవుడికి దండం పెట్టుకున్నాడు, ఆ డ్రోన్‌ని తిట్టాడు, తనని తిట్టుకున్నాడు. అక్కా అని అరిచాడుగానీ గొంతులోంచి గాలే వచ్చింది. జీపు పొదల్లోకి దూసుకుపోయింది.

సరిగ్గా అప్పుడే కీచుమని బ్రేకు చప్పుడు.

పొదలు చీల్చుకుని వెళ్లేసరికి ముందుచక్రాలు రెండూ గాల్లో తిరుగుతున్నాయి. వెనకచక్రాలు రాతి అంచుకి ఆనుకుని ఆగిపోయాయి. కుదుపుకి డెంటిస్టు పిస్తోలు ముందు అద్దంలోంచి ఎగిరి లోయలో పడింది, దాని చప్పుడు చాలాసేపటికిగానీ వినబడలేదు. అక్క కట్టేసిన రెండు చేతులూ కలిపి హ్యాండ్‌బ్రేకుని పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి కూర్చుంది. వదల్లేదు.

"వెనకున్నవాళ్లు కదలకండి," అన్నాడు అప్పటికే చేరుకున్న మాస్టారు, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు. "కదిలితే బండి ముందుకి ఒరుగుతుంది."

డెంటిస్టు, పక్కనున్న మనిషి ఊపిరి కూడా బిగబట్టారు. ముంగిస నేలకి దగ్గరగా ఉన్న తలుపు తీసి అక్కని నడుం పట్టుకుని లాగాడు. తర్వాత డ్రైవరు చేతులెత్తుకుని దిగాడు. ముందు బరువు తగ్గాక మిగతా ఇద్దరినీ ఒక్కొక్కరినే దించి, జీపు తాడుతోనే కట్టేశారు. ఆఖరికి దిగిన డెంటిస్టు లోయలోకి తొంగి చూసి, ముంగిస వంక చూసింది. జీవితంలో ఇంతగా మోసపోయినట్టు ఏ ఆడదీ చూసి ఉండదు.

"మీరు నిజంగానే నడవలేదా?" అంది.

ముంగిస తల వంచుకున్నాడు. అక్క చేతికట్లు విప్పసాగాడు.

"నువ్వెలా నమ్మావక్కా? వాళ్లెవరూ నమ్మలేదు."

"నాలుగో క్లాసులో నిన్ను దేశం మ్యాపు గీయమంటే కిటికీ అద్దానికి ఆనించి దిద్దుకొచ్చావు," అంది అక్క, మణికట్లు రుద్దుకుంటూ. "అది కూడా సగమే. మిగతా సగం నా చేత గీయించావు. కారు దిగకుండా పని చేశానని నువ్వంటే నేను నమ్మకపోవడమేమిటి? అంత నమ్మకం నాకు లెక్కల మీద కూడా లేదు."

అప్పుడతను రెండో సంగతి కూడా చెప్పేశాడు. సోమవారం నుంచీ తెలుసని, చీఫ్ ఎర అంటే 'ఎస్ సర్' అన్నానని, ఆ దారికి టిక్ పెట్టింది తనేనని. అక్క తన చెంప మీద ఒక్కటిస్తే బావుండుననిపించింది అతనికి. ఆమె పగిలిన కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. కళ్లు కూడా తుడుచుకుంది.

"నీ మీద నాకు కోపం పోవడానికి చాలా ఆదివారాలు పడుతుంది," అంది. "అన్ని ఆదివారాలూ కొండ మీదికి నువ్వు నాతో రావాలి. ముళ్లలో ముందు నువ్వు నడవాలి."

ముంగిస తలూపాడు. ఈసారి ఎస్ మేడమ్ అనలేదు, అలాగే అక్కా అన్నాడు.

చీఫ్ పన్నెండున్నరకి వచ్చాడు. ముగ్గురు ఖైదీలనీ, వేలాడుతున్న జీపునీ చూసి ముక్కు చీదుకుని, అక్కడికక్కడే రిపోర్టు డిక్టేట్ చేశాడు. శత్రువుల వాహనాన్ని లోయలో చిక్కించేందుకు డిపార్ట్‌మెంట్ అత్యాధునిక డ్రోన్ పరిజ్ఞానంతో ముందుగానే ఒక మాయదారిని పన్నింది, ఏజెంట్ ముంగిస ఆ వ్యూహాన్ని ప్రాణాలకి తెగించి అమలు చేశాడు. మాయదారి అన్న మాట ఆయనకి బాగా నచ్చి రెండుసార్లు వేయించాడు. అక్క అది విని, సైఫర్ కాయితం మీద పెట్టే ఉద్దేశం ఇక ముందు కూడా తనకి లేదని చీఫ్‌కి మర్యాదగా చెప్పి, ఇంటికి నడిచి వెళ్లిపోయింది.

తర్వాతి శనివారం ముంగిసకి రెండు వచ్చాయి. ఒకటి వెల్వెట్ డబ్బాలో వెండి పతకం. రెండోది వాలంటీర్ల మ్యాపులో అతని గీత పక్కన మాస్టారు రాసిన వ్యాఖ్య. 'ఈ దారి తొలగించాను. కారణం: దారి లేదు. నేను స్వయంగా నడిచి చూశాను. ఈ సభ్యుడు గీసినవన్నీ మరొకరు చూడవలెను.'

పతకం డ్రాయర్లోకి వెళ్లింది. వ్యాఖ్యని మాత్రం అక్క ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, వచ్చేపోయేవాళ్లకి కనబడేలా హాల్లో తగిలించింది. డిపార్ట్‌మెంట్ చరిత్రలో అతని గురించి రాసిన నిజమైన రిపోర్టు అదొక్కటేనంటుంది.